ఘాట్ దిగాక నీలం పొగ కక్కుతున్న పాత పికప్: ఇంజన్ దించాల్సిందేనా?

మదనపల్లె టమాటా బండి:

అన్నలందరికీ నమస్కారం. నాది 2008 మోడల్ డీజిల్ పికప్. నాలుగు సిలిండర్ల డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం) ఇంజన్, గాలిని లోపలికి నెట్టే టర్బో ఉంది. పాతకాలం మెకానికల్ పంపు, కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ కాదు. మీటరు 3,40,000 దాటింది. మా నాన్న కొన్న బండి. ఆయన పోయాక ఆరేళ్లుగా నేనే నడుపుతున్నాను. మదనపల్లె మార్కెట్ నుంచి తిరుపతికి టమాటా వేస్తాను, 25 కిలోల క్రేట్లు 45 దాకా. రాత్రి ఒంటిగంటకు లోడు ఎత్తి వాల్మీకిపురం, కలికిరి, పీలేరు మీదుగా పోతే తెల్లారేలోపు అన్‌లోడ్ అయిపోతుంది. వచ్చేటప్పుడు ఖాళీ.

రెండు నెలలుగా సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది. అన్నివేళలా రాదు. భాకరాపేట ఘాట్ నేను రెండో గేరులో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి దిగుతాను. కింద రంగంపేట దగ్గర రోడ్డు చదునయ్యాక యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారిగా మబ్బు కమ్మినట్టు పొగ. అద్దంలో వెనక ఏ బండీ కనపడదు. మొన్న వెనకొస్తున్న బైకాయన ముందుకొచ్చి ఆపి, "అన్నా, బండి అంటుకుందేమో చూసుకో" అన్నాడు. అర కిలోమీటరు పోయాక పలచబడుతుంది. రైల్వే గేటు దగ్గర నాలుగైదు నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి కదిలినా ఇదే వరస. వాసన కాలిన ఆయిల్ వాసనే.

మిగతా సంగతులు కూడా రాస్తాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే అర నిమిషం తెల్ల పొగ, తర్వాత పోతుంది. తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కేటప్పుడు ఖాళీ బండికే కొంచెం నలుపు వస్తుంది. ఆయిల్ మాత్రం బాగా తాగుతోంది, వెయ్యి కిలోమీటర్లకు లీటరు పైనే పోయాల్సి వస్తోంది. మైలేజీ 13 నుంచి పదకొండున్నరకు పడింది. లాగుడు పెద్దగా తగ్గలేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు.

ఊళ్లో ఒక షెడ్డుకు తీసుకుపోతే, ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీశారు. భుస్సుమని పొగ. "చూశావా బ్యాక్ కంప్రెషన్? రింగులు అయిపోయాయి, ఇంజన్ దించాలి. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, ల్యాత్ పని అన్నీ కలిపి 70 వేలు" అన్నారు. అంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగి, సిలిండర్ గ్యాసు కిందికి జారుతోందట. ఇంకో మెకానిక్‌ను అడిగితే ఇంజన్ జోలికి పోవద్దు, టర్బో మార్చు అంటాడు. ఇద్దరూ చెరో మాట. ఈ నెల 20న ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా అప్పటికే అయిపోతుంది. నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది. ఇప్పుడున్న టమాటా ధరకు కిరాయిలు కూడా పలచగానే ఉన్నాయి, 70 వేలు అంటే అప్పు చేయాలి. అమ్మేద్దామా అంటే మనసు రావడం లేదు, మా నాన్న చేతి బండి.

ఇంకో రెండు విషయాలు. డిప్‌స్టిక్ ఎంత గట్టిగా నొక్కి పెట్టినా తిరుపతి వెళ్లేసరికి అర అంగుళం పైకి లేచి ఉంటోంది. ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ చుట్టూ ఆయిల్ చెమ్మ. రెండుసార్లు ప్యాకింగ్ మార్పించినా ఆగలేదు. వీటికీ పొగకీ సంబంధం ఉందో లేదో తెలీదు, అయినా రాస్తున్నాను.


రాయచోటి 207:

రింగులే బ్రో. నా బండి కూడా ఇట్లాగే ఆయిల్ తాగింది, ఆరు నెలలు సాగదీసి చివరికి క్రాంక్ కూడా పాడు చేసుకున్నా. మూడు లక్షల నలభై వేలు తిరిగిన ఇంజన్ కదా. చేయించేదేదో ఒకేసారి చేయించు, సగం పని చేయిస్తే మళ్లీ విప్పాలి.


పాత డిపో మెకానిక్:

తమ్ముడూ, ఇంజన్ దించకు. ముందు ఇది మొత్తం చదువు.

నేను బస్సు డిపో గ్యారేజీలో 31 ఏళ్లు డీజిల్ ఇంజన్ల మీదే పనిచేశాను. రిటైరై ఏడేళ్లయింది. పొగ వస్తోందని బండి లోపలికి రాగానే మా ఫోర్‌మన్ మూడు అడిగేవారు: రంగేంటి, వాసనేంటి, ఎప్పుడొస్తోంది. అందరూ రంగు చూసి ఆగిపోతారు. నా అనుభవంలో మూడో ప్రశ్నే ఇంజన్ లోపల ఏం జరుగుతోందో చెబుతుంది.

రంగుల సంగతి టూకీగా. నలుపంటే కాలాల్సిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు, లేదా గాలికి మించి డీజిల్ పడుతోంది. తెలుపు రెండు రకాలు. కళ్లు మండించి పచ్చి డీజిల్ వాసన వస్తే అది కాలకుండా పోతున్న డీజిల్. నీళ్లు తగ్గుతూ, రేడియేటర్‌లో బుడగలు వస్తూ, తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెలుపైతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీకు నీళ్లు తగ్గడం లేదు కాబట్టి ఆ భయం పక్కన పెట్టు. నీలం అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. దాంట్లో సందేహం లేదు. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందన్నదే ప్రశ్న.

రింగులు అరిగిన ఇంజన్ ఎక్కుడులో, లోడు మీద, ఆగకుండా పొగ ఇస్తుంది. నీ బండి ఘాట్ దిగాక ఇస్తోంది. ఐడ్లింగ్‌లో నిలబడి కదిలినప్పుడు ఇస్తోంది. ఒక్కసారి దట్టంగా వచ్చి తగ్గిపోతోంది. అంటే కాలు తీసి ఉన్నంతసేపూ ఎక్కడో ఆయిల్ చేరుతోంది, కాలు వేయగానే గాలితో పాటు కొట్టుకొచ్చి కాలిపోతోంది. ఇది ఎక్కువగా టర్బో వైపు నుంచి వచ్చే ఆయిల్ లక్షణం. అలాగని వెంటనే టర్బో కొనకు, అది రెండో తప్పవుతుంది.

టర్బో లోపల షాఫ్ట్ నిమిషానికి లక్ష తిరుగుళ్లు దాటి తిరుగుతుంది. దాన్ని ఆయిల్ పొరే మోస్తుంది. ఆ ఆయిల్ బయటికి రాకుండా రబ్బరు సీలేమీ ఉండదు. రెండు వైపులా పిస్టన్ రింగు లాంటి సన్నటి స్టీల్ రింగులు ఉంటాయి, అంతే. ఇంజన్ నుంచి ప్రెషర్‌తో వచ్చిన ఆయిల్ పని అయ్యాక కింది లావు పైపు గుండా, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి తనంతట తాను జారాలి. దాన్ని లాగే పంపు ఉండదు. ఇప్పుడు సంపులో గాలి ఒత్తిడి పెరిగిందనుకో. సీసా మూతికి గరాటు గట్టిగా బిగించి నూనె పోస్తే ఏమవుతుంది? లోపలి గాలికి దారి లేక నూనె గరాటులోనే నిలబడిపోతుంది. టర్బోలో కూడా అదే. కిందికి జారలేని ఆయిల్ ఆ రింగులు దాటి ఒకవైపు గాలి పైపులోకి, రెండో వైపు సైలెన్సర్‌లోకి పోతుంది. బూస్ట్ ఉన్నప్పుడు, అంటే టర్బో గాలిని గట్టిగా నెడుతున్నప్పుడు, ఆ గాలి ఒత్తిడి దాన్ని కొంత ఆపుతుంది. కాలు తీశాక ఆపేది లేదు.

మరి సంపులో ఒత్తిడి ఎందుకు పెరుగుతుంది? నువ్వు చివర్లో సంబంధం ఉందో లేదో అని రాశావే, డిప్‌స్టిక్ లేవడం, టాపెట్ కవర్ చెమ్మ, అదే నాకు అసలు సంగతి. లోపల ఒత్తిడి ఉంది కాబట్టే డిప్‌స్టిక్ లేస్తోంది. ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ నెట్టుకొస్తోంది. కొత్త ఇంజన్‌లో కూడా రింగులు దాటి కొంత గ్యాసు కిందికి దిగుతుంది. అది బయటపడడానికే బ్రీదర్ పైపు పెట్టారు. టాపెట్ కవర్ దగ్గర మొదలై, టర్బోకు ముందు ఎయిర్ ఫిల్టర్ పైపులో కలుస్తుంది చూడు, బొటనవేలంత లావు రబ్బరు పైపు. అది మూసుకుపోతే మంచి రింగులున్న ఇంజన్‌కూ నీకున్న లక్షణాలన్నీ వస్తాయి.

ఇక ఆ షెడ్డు వాళ్ల భుస్సు సంగతి. బ్రీదర్ మూసుకుపోయిన ఇంజన్ మూత తీస్తే అప్పటిదాకా లోపల పోగైన గ్యాసంతా ఒక్కసారి వస్తుంది. సోడా సీసా మూత తీసినట్టే. ఆ మొదటి భుస్సు లెక్కలోకి రాదు. ఆ తర్వాత రెండు నిమిషాలకు ఏం వస్తోందన్నదే లెక్క. అది చూడకుండా 70 వేల పని చెప్పడం నాకు చాలా బాధగా అనిపించింది.

నువ్వు ఇలా చెయ్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బ్రీదర్ పైపు రెండు చివర్లా విప్పి బయటికి తియ్. నోటితో ఊది చూడు. వెలుతురుకు పట్టి ఒక చివర నుంచి రెండో చివర కనపడుతోందా చూడు, మలుపు దగ్గర వంచి కూడా చూడు. టాపెట్ కవర్ వైపు జాలీ ఉంటే డీజిల్‌తో కడిగి ఆరబెట్టు. పైపు తీసి ఉండగానే, ఎయిర్ ఫిల్టర్ వైపు ఉన్న రంధ్రాన్ని బయటి నుంచి టేపుతో గట్టిగా మూసెయ్. గుడ్డ మాత్రం కుక్కొద్దు, టర్బో లాగేసుకుంటుంది. ఇప్పుడు స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఇంజన్ వేడెక్కనివ్వు. ఆయిల్ మూత తీసి బోర్లా తిప్పి ఆ రంధ్రం మీద ఊరికే పెట్టు. మూత అక్కడే ఉండి కొంచెం వణుకుతుంటే భయం లేదు. ఎగిరి పక్కన పడుతుంటే, పొగ బండి పొగలా ధారగా వస్తుంటే, అప్పుడు రింగుల మాట మాట్లాడుకుందాం. ఇది పల్లెటూరి పరీక్షే, ఖచ్చితమైన కొలత కాదు. కానీ ఇంజన్ దించాలా వద్దా అన్న చోట దారి చూపిస్తుంది.

తర్వాత ఇంజన్ ఆపి, చల్లారాక టర్బో గాలి పైపులు విప్పు. లోపల చేత్తో తుడిస్తే ఆయిల్ జిడ్డు అంటడం మామూలే. మడుగు కట్టి ఉండకూడదు. షాఫ్ట్ కొన పట్టుకుని పక్కలకు కదిపితే కాస్త కదులుతుంది, అది ఉండాల్సిన ప్లేనే. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం చేతికి ఏమీ తెలియకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. ఇవి బాగుంటే టర్బో బాగున్నట్టే. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా దించి లోపలి ఆయిల్ వంచెయ్.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. పని అయ్యేదాకా లోడు మీద తిప్పకు. ఇంటర్‌కూలర్‌లో ఎక్కువ ఆయిల్ చేరితే ఆ ఆయిల్‌నే డీజిల్‌లా తాగుతూ ఇంజన్ తనంతట తాను రేసైపోతుంది. తాళం తిప్పినా ఆగదు, పంపు ఆపినా ఆగదు, ఎందుకంటే అది పంపు డీజిల్ మీద నడవడం లేదు. మా డిపోలో నా కళ్లముందు ఒకసారి జరిగింది. ఆ అరుపు వింటే చుట్టూ ఉన్న పదిమందికీ కాళ్లు ఆడలేదు. డ్రైవరు టాప్ గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ ఒక్కసారి వదిలేశాడు. అలా ఆగింది. ఎప్పుడైనా నీకు అలా జరిగితే ఇదే చెయ్. హ్యాండ్ బ్రేకు కూడా లాగు. బయట నుంచి ఆపాలంటే గాలి వెళ్లే మూతికి చెక్క అడ్డం పెట్టాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. లోపలి నుంచి ఆపలేకపోతే బండి దగ్గర నిలబడకుండా అందర్నీ దూరంగా పంపించు.

సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో గేజుతో చూసే కంప్రెషన్ టెస్టు ఆ తర్వాత. నీలాంటి డీఐ ఇంజన్‌లో బాగుంటే 350 నుంచి 450 పీఎస్ఐ మధ్యలో చూపిస్తుంది. అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పెట్రోలు బండికి చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూడొద్దు. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, పోసిన ఆయిలే అంకెను పెంచి చూపిస్తుంది.

ఆయిల్ లెవల్ మ్యాక్స్ గీత దాటి పోస్తున్నావా? తాగుతోంది కదా అని ముందే ఎక్కువ పోసేవాళ్లు చాలామంది. అది కూడా నీలం పొగే తెస్తుంది.


డీజిల్ పంపు షాపు, అనంతపురం:

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నేను తెల్ల పొగ, నల్ల పొగ గురించి చెబుతాను, నా పని అదే.

ఖాళీ బండికే ఎక్కుడులో నలుపు వస్తోందంటే మొదట ఎయిర్ ఫిల్టర్ చూడు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే హోస్ పైపుల క్లిప్పులు చూడు. పైపు పగిలిన చోట ఆయిల్ దుమ్ము పట్టి నల్లగా మరక ఉంటుంది, తుడవకుండా చూస్తే దొరుకుతుంది. అవి బాగుంటే డీజిల్ చిమ్మే నాజిళ్లు.

పొద్దున అర నిమిషం తెలుపు, ఎక్కుడులో నలుపు, రెండూ కలిసి ఉంటే నాకు ఒక నాజిల్ మీద అనుమానం. సన్నటి మంచులా చిమ్మాల్సింది చుక్కలు కారుస్తుంటే చల్లటి ఇంజన్‌లో కాలదు, లోడులో పూర్తిగా కాలదు. ఏ సిలిండరో తెలుసుకోవడానికి ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ ప్రెషర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూస్తాం. మంచి సిలిండర్ అయితే ఇంజన్ వెంటనే కుంటుతుంది. పాడైన దానికి పెద్ద తేడా ఉండదు. ఇది నీలాంటి మెకానికల్ పంపు బండికే. కామన్ రైల్ బండిలో ఎవరూ ముట్టుకోకండి, వెయ్యి బార్ దాటిన ప్రెషర్ ఉంటుంది. మెకానికల్ పంపయినా నాజిల్ చిమ్మే దగ్గర వేలు పెట్టొద్దు. డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనపడుతుంది, లోపల మాంసం కుళ్లుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి వేలు సగం తీసేశారు.

నాజిళ్లు బయటికి తీస్తే నాలుగూ టెస్టింగ్ మిషన్ మీద పెట్టించు. తిరిగి బిగించేటప్పుడు కింద రాగి వాషర్లు కొత్తవే వెయ్యాలి.

చివరగా ఒక విన్నపం. పొల్యూషన్ టెస్టుకు ముందు పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గించి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ పెంచమని రోజుకొకరు వస్తారు. నేను చేయను. పంపు సెట్టింగ్ టెస్ట్ బెంచ్ మీద కొలిచి పెట్టేది, రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్‌తో తిప్పేది కాదు. నీ బండి బీఎస్4 కాలుష్య నిబంధనలకు ముందుది కాబట్టి పొగ ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలతలో పరిమితి మీటరుకు 2.45, పాత లెక్కలో 65 హార్ట్‌రిడ్జ్. నాజిళ్లు, గాలి సరిగా ఉన్న ఇంజన్‌కు అది కష్టమైన అంకె కాదు.


రాయచోటి 207:

బ్రీదర్ సంగతి నాకు తెలీదు పెద్దాయనా. నా బండికి ఎవరూ ఆ పైపు విప్పి చూడలేదు. తమ్ముడూ, నా మాట పక్కన పెట్టి ముందు ఆయన చెప్పింది చెయ్.


మదనపల్లె టమాటా బండి:

అన్నలూ, పదమూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. అన్నీ చేసి, తిరిగి చూసి రాద్దామని ఆగాను.

పైపు విప్పింది నేనే, ఇంటి ముందు వేపచెట్టు కింద. బయటికి చూస్తే శుభ్రంగా ఉంది. ఎక్కడా చీలిక లేదు. ఊదితే గాలి పోతోంది, కానీ బలంగా ఊదాల్సి వస్తోంది. వెలుతురుకు పడితే రెండో చివర కనపడలేదు. మలుపు దగ్గర వేళ్లతో నొక్కితే మెత్తగా, నీళ్లలో నానిన చెప్పులా ఉంది. కత్తి తీసుకుని నిలువునా కోశాను. లోపలి రబ్బరు పొర ఊడి, ఉబ్బి, నాలుకలా మడతపడి దారి మూసేసింది. మిగిలిన సందులో నల్లటి జిడ్డు ముద్ద. పుల్ల దూరేంత ఖాళీ కూడా లేదు. చాలాసేపు దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఈ ముక్క కోసం నేను మా ఆవిడ గాజులు బ్యాంకులో పెడదామని అడిగాను.

ఆ పైపు ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట కంపెనీ పైపు పగిలితే, పీలేరులో రోడ్డు పక్కన దొరికిన రేడియేటర్ నీళ్ల పైపు ముక్క వేయించాను. లావు సరిపోయింది, క్లిప్పు పట్టింది, అదే చాలనుకున్నాను.

మూత పరీక్ష పెద్దాయన చెప్పినట్టే చేశాను. మొదట సన్నగా పొగ వచ్చింది. రెండు నిమిషాల తర్వాత మూత బోర్లా పెడితే గలగలమని వణికింది, ఎగరలేదు. మా తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు. అది ఆ షెడ్డాయనకు చూపించాను. ఆయన కాసేపు చూసి, "పైపు తీసి చూడలేదు నేను, నిజమే" అన్నారు. మంచిగానే మాట్లాడారు.

ఇంటర్‌కూలర్ వంచితే పావు లీటరు పైనే ఆయిల్ వచ్చింది. చూసి ఒళ్లు జలదరించింది. ఇంజన్ రేసైపోవడం గురించి చదివాక నేను తిరుపతి కిరాయిలు మా బావమరిది బండికి ఇచ్చేశాను, అందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. టర్బో షాఫ్ట్ పక్కలకు కొంచెం కదిలింది, ముందుకూ వెనక్కూ ఏమీ లేదు. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి.

కంపెనీ బ్రీదర్ పైపు, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేశాను. కానీ మొదటి రెండు ట్రిప్పులూ పొగ వచ్చింది. గుండె జారిపోయింది. రంగంపేటలో బండి పక్కకు తీసి ఆపేశాను, ఇక ఇంజన్ దించాల్సిందే అనుకున్నాను. కానీ మొదటి రోజు కంటే రెండో రోజు తక్కువగా ఉంది, డిప్‌స్టిక్ లేవలేదు. మూడో ట్రిప్పులో 42 క్రేట్లతో ఘాట్ దిగి అదే చోట యాక్సిలరేటర్ తొక్కాను. అద్దంలో వెనక లారీ నంబరు ప్లేటు చదవగలిగాను.

కంప్రెషన్: 1లో 400, 2లో 395, 3లో 390, 4లో 360 పీఎస్ఐ. అనంతపురం అన్న అనుమానం నిజమే, మూడో నాజిల్ మిషన్ మీద చుక్కలు కార్చింది. అది మార్చి, మిగతా మూడూ సెట్ చేయించి, రాగి వాషర్లు వేయించాను. ఇంటర్‌కూలర్ కింది హోసుకు వెంట్రుకంత పగులు కూడా దొరికింది, అన్న చెప్పినట్టే దుమ్ము పట్టిన నల్ల మరక దగ్గర. అన్నీ కలిపి 9,300 అయ్యింది. పొగ టెస్టులో 1.7 వచ్చింది, 20న ఎఫ్‌సీ కూడా అయిపోయింది.

ఒకటి మాత్రం పూర్తిగా పోలేదు. చలి పొద్దున స్టార్ట్ చేస్తే ఐదు సెకన్లు సన్నగా తెలుపు ఇంకా వస్తోంది. నాలుగో సిలిండర్ 360 వల్లేనా? దాన్ని వదిలేయొచ్చా?


పాత డిపో మెకానిక్:

తమ్ముడూ, చదివి కళ్లు చెమర్చాయి. గాజులు ఇంట్లోనే ఉన్నందుకు సంతోషం.

మొదటి రెండు ట్రిప్పుల పొగ గురించి నేను ముందే రాయాల్సింది. సైలెన్సర్ లోపల అంటుకున్న ఆయిల్ కాలిపోవడానికి అంత టైము పడుతుంది. అది రాయకపోవడం వల్ల నువ్వు రంగంపేటలో భయపడ్డావు, మన్నించు.

రేడియేటర్ పైపు నీళ్లకు తయారుచేసిన రబ్బరు. ఆయిల్ ఆవిరి తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు ఊడతాయి. బ్రీదర్‌కు, డీజిల్‌కు ఎప్పుడూ ఆయిల్‌కు తట్టుకునే పైపే అడుగు. షాపులో నైట్రైల్ రబ్బరు అంటే ఇస్తారు. ప్రతి ఆయిల్ మార్పుకూ ఈ పైపు విప్పి ఒకసారి ఊదు, రెండు నిమిషాల పని.

360 గురించి. పెద్ద అంకెకు పదో వంతు తేడా ఉంది. నేనైతే ఇప్పుడు విప్పను. చలిలో ఐదు సెకన్ల తెలుపు ఆ వయసు ఇంజన్‌కు ఉంటుంది. ముందు వాల్వు క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూపించు, టాపెట్ బిగుసుకుని వాల్వు సరిగా మూసుకోకపోయినా కంప్రెషన్ అంతే తగ్గుతుంది. అది సరిచేశాక 360 పెరిగితే రింగుల మాటే లేదు. పెరగకపోతే ఆయిల్ ఎంత తాగుతోందో రాసుకుంటూ పో. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు లోపుంటే తిప్పుకోవచ్చు.

ఘాట్ ఎక్కి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపకు, ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచు. టర్బో చల్లారాలి.

సంక్రాంతి అయ్యాక మళ్లీ గేజు పెట్టించి నాలుగు అంకెలూ ఇక్కడే రాయి. నేను చూస్తూ ఉంటాను.